జింకకు ఏ తుపాకి? బెంగళూరు వేట చరిత్రలో లెక్కకు రాని అంశం

పాత వేట పుస్తకాలు చదివేటప్పుడు మనం సాధారణంగా రెండు విషయాలు గమనిస్తాం: ఎన్ని జంతువులు పడ్డాయి, వాటి కొమ్ముల పొడవెంత. రెండూ రచయిత ఇష్టంగా చెప్పుకొన్నవే. మూడో విషయం పేజీ మధ్యలో ఒక అంకెగా వచ్చిపోతుంది: 12 బోరు, .500 ఎక్స్‌ప్రెస్, .405 వించెస్టర్. చరిత్ర విద్యార్థి ఆ అంకె దగ్గర ఆగవలసి ఉందని ఈ వ్యాసంలో మా ప్రతిపాదన. పడిన జింక లెక్క పుస్తకంలో ఉంటుంది. గాయంతో పొదల్లోకి పోయి ఎక్కడో చచ్చిన జింక లెక్క ఉండదు. ఆ రెండో లెక్కను కొంతవరకైనా ఊహించడానికి మనకు మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనది తుపాకి కొలత.

ముందు మాటల సంగతి చూద్దాం. తుపాకి అన్న మాట తుర్కీ, పారశీక భాషల మీదుగా మనకు వచ్చింది. కన్నడం, తమిళం కూడా దాదాపు ఆ రూపంలోనే దాన్ని తీసుకున్నాయి. దాంతో పాటు కావలసిన మిగతా మాటలను మాత్రం మనం ఇంట్లోనే వెతుక్కున్నాం: గొట్టం, గుండు, మందు, గురి. కాలిబర్ అన్న ఐరోపా మాటకు మూలం అరబ్బీ 'ఖాలిబ్' అంటారు. దాని అర్థం మూస. ఈ అర్థం చరిత్రకు సరిపోతుంది. నోటి నుంచి మందు దట్టించే కాలంలో ప్రతి తుపాకితోనూ ఒక గుండ్ల మూస వచ్చేది. వేటగాడు సీసం కరిగించి తన గొట్టానికి సరిపడే గుండ్లు తానే పోసుకొనేవాడు. కొలత కూడా ఆ గుండును బట్టే. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపోయే 12 గుండ్లు వస్తే అది 12 బోరు, సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందువల్ల బోరు సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది. తర్వాత వచ్చిన .450, .303 వంటివి అంగుళంలో భాగాలు; ఇక్కడ సంఖ్యతో పాటు లావు పెరుగుతుంది. ఒకే పుస్తకంలో ఈ రెండు పద్ధతులూ కనిపిస్తాయి కనుక పాఠకుడు జాగ్రత్తగా ఉండాలి.

జింక అన్న మాట కూడా ఒక కొలత చెప్పదు. బెంగళూరు చుట్టుపక్కల మైదానాల్లో తిరిగిన కృష్ణజింక బరువు 30 నుంచి 45 కిలోలు. శాస్త్రరీత్యా అది జింక జాతి కూడా కాదు. అడవి అంచుల్లో ఉండే చుక్కల దుప్పిలో మగది 70 నుంచి 90 కిలోలు తూగుతుంది. మనం కణుజు అనీ కన్నడిగులు కడవె అనీ పిలిచే సాంబరు మగది 200 కిలోలు దాటుతుంది. పైగా కృష్ణజింక ఆరుబయట మనిషిని దూరం నుంచే కనిపెడుతుంది. కణుజు దట్టమైన పొదల్లో దగ్గరగా ఎదురవుతుంది. ఒకదానికి గుండు చాలా దూరం నేరుగా పోవాలి. రెండోదానికి లావు కండను, ఎముకను దాటి లోపలికి దిగాలి. 'జింకకు తగిన తుపాకి' అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి ఇదే కారణం.

1809లో బెంగళూరు కంటోన్మెంటు ఏర్పడిన తొలి దశాబ్దాల్లో వేటగాళ్ళు ఎక్కువగా నమ్ముకున్నది నల్లమందు, గుండ్రని సీసపు గుండు. 12 బోరు గుండు సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో బయలుదేరి త్వరగా నెమ్మదిస్తుంది. 100 మీటర్లు చేరడానికి దానికి పావు సెకనుకు పైనే పడుతుంది. పావు సెకనులో ఏ వస్తువైనా 30 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. కృష్ణజింక భుజం ఎత్తే 80 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంటే దూరాన్ని కొంచెం తప్పుగా అంచనా వేసినా ఛాతీకి పెట్టిన గురి పొట్టకో కాలికో తగులుతుంది. అలా తగిలిన జంతువు వెంటనే పడదు. ఆ కాలపు వేట వర్ణనల్లో 'తగిలింది కానీ దొరకలేదు' అన్న అర్థం వచ్చే వాక్యాలను ఈ లెక్కతో కలిపి చదవాలి.

దీనికి విరుగుడుగా 19వ శతాబ్దం రెండో సగంలో ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళు వచ్చాయి. కొలత .450, .500, తేలికైన గుండు, ఎక్కువ మందు. గుండు ముక్కు బోలుగా ఉండి తగలగానే విచ్చుకొనేది. మైదానపు జింకకు ఇది నిజంగా మెరుగైన సాధనం. కానీ అదే గుండు కణుజు భుజానికి తగిలితే పైపైనే చితికి, లోతుగా దిగకపోయే ప్రమాదం ఉంది. 1874లో చామరాజనగర ప్రాంతంలో ఏనుగుల ఖెడ్డా నడిపిన శాండర్సన్ 1878లో అచ్చువేసిన గ్రంథంలో తుపాకుల చర్చకు చోటిచ్చాడంటే, ఈ ప్రశ్న మైసూరు అడవుల్లో ఎంత నిత్యమైనదో తెలుస్తుంది.

ఇక్కడ మూడో పాత్ర ప్రవేశిస్తుంది: ప్రభుత్వం. సైన్యం 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకి గుండు కొలత కూడా .450. ఆ తుపాకులు తిరుగుబాటుదార్ల చేతికి చేరాయనీ, వేట తూటాల సామగ్రి వాటికి ఉపయోగపడుతుందనీ భయపడి 1907లో ఇండియాకు .450 దిగుమతిని నిషేధించారు. మైసూరు సంస్థానమైనా తుపాకి బ్రిటిష్ రేవు దాటే రావాలి. తయారీదార్లు వెంటనే .465, .470, .475 అంటూ పక్క కొలతలు పుట్టించారు. ఈ అంకెల తేడాతో జంతువుకు ఏ సంబంధమూ లేదు. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఇదే కథ. 1959 ఆయుధ చట్టం కింద 1962లో వచ్చిన నియమాల్లో సైనిక తూటా పేల్చగల .303 రైఫిలు నిషిద్ధ బోరు. పౌరులకు మన ఆయుధ కర్మాగారాల్లో తయారైన .315 మిగిలింది. అది నిజానికి పాత ఆస్ట్రియా మాన్లిషర్ తూటా కొలతే.

బెంగళూరు వేట సాహిత్యంలో అందరూ గుర్తుపెట్టుకొన్న తుపాకి కెనెత్ ఆండర్సన్ (1910-1974) వాడిన .405 వించెస్టర్. 1954లో వెలువడిన ఆయన తొలి పుస్తకంలో చిత్తూరు ప్రాంతపు చామల లోయ పులి కథ ఉంది కనుక తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. 1904లో అమెరికాలో వచ్చిన ఈ తూటా గుండు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు పైన. వేగం సెకనుకు సుమారు 670 మీటర్లు. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాలో సింహాలకు వాడినది కూడా ఇదే. కుమావూఁలో జిమ్ కార్బెట్ ఇష్టపడిన .275 గుండు దీనిలో సగం కూడా తూగదు. దుప్పికి ఆ చిన్న గుండే చాలు, .405 అవసరానికి మించినది. అయితే రాజులకూ గవర్నర్లకూ జంతువుకొక తుపాకి ఉండేది. ఉద్యోగం చేసుకొంటూ సెలవుల్లో అడవికి పోయేవాడు ఒక్క రైఫిలుతో సరిపెట్టుకోవాలి. అప్పుడు కొలతను నిర్ణయించేది ఎదురుపడగల జంతువుల్లో అతి ప్రమాదకరమైనది. దుప్పికి తగిలిన గుండు లావు వెనుక పులి భయం ఉందన్నమాట.

రైఫిలు లేనివాడి సంగతి వేరు. పంట కాపలాకు ఉంచుకొన్న ఒంటిగొట్టం నాటుతుపాకిలో రైతు వేసేది రవ్వలు. వాటిలో ఒకటి రెండు తగిలిన దుప్పి చాలా దూరం పోగలదు. ఈ వేటకు పుస్తకాలు లేవు, కొమ్ముల కొలతలూ లేవు. అందుచేత గాయపడి పోయిన జంతువుల లెక్క ఇక్కడ మరింత చీకట్లో ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వినోదపు వేటకు తెర దించాయి. నేడు జింకకు తగిన కొలత ఏదీ లేదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కూ, చుక్కల దుప్పి తెలంగాణకూ రాష్ట్ర జంతువులు. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని మధుగిరి తాలూకా మైదనహళ్ళిలో కృష్ణజింకలకు రక్షిత ప్రాంతం ఉంది.

అయినా ప్రశ్నకు చరిత్రలో పని మిగిలే ఉంది. ఒక వేట పుస్తకం చేతికొచ్చినప్పుడు పడిన జంతువుల సంఖ్య పక్కన తుపాకి కొలతను, దూరాన్ని, నేల స్వభావాన్ని రాసుకొని చదివితే, రచయిత చెప్పనిది కొంత తెలుస్తుంది. ఇంకొక పని కూడా ఉంది. కోలారు, చిక్కబళ్ళాపురం, మధుగిరి, హొసూరు ప్రాంతాల తెలుగు పల్లెల్లో పంట కాపలా కాసిన పెద్దలు తుపాకికి, గుండుకు, గాయపడి తప్పించుకొన్న జంతువుకు ఏ మాటలు వాడారో సేకరించాలి. పుస్తకాల్లో లేని లెక్క ఆ మాటల్లో దొరికే అవకాశం ఉంది. మన విద్యార్థులు ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాం.