పఠన మందిరం - ప్రజాజీవితం

గ్రంథాలయాన్ని పుస్తకాల భాండాగారంగానే చూడటం మన సాహిత్య చరిత్రకారులకు పరిపాటి. నా దృష్టిలో అది తెలంగాణ ప్రజలకు కూడలి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు స్థాపకులలో ఒకరు. నిజాం పాలనా వ్యవహారంలో తెలుగుకు చోటులేని కాలమది. సభ జరపడానికి సర్కారు అనుమతి కావలసిన రోజుల్లోనూ పత్రిక చదవడానికి వచ్చినవారు శ్రోతలయ్యారు, శ్రోతలు కార్యకర్తలయ్యారు. 1930 జోగిపేట ఆంధ్ర మహాసభకు నేల దున్నినవాటిలో ఈ పఠన మందిరాలు ముఖ్యమైనవి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పిన వట్టికోట ఆళ్వారుస్వామి తానే పుస్తకాలు మోసుకొని పాఠకుల దగ్గరికి నడిచాడు.

నేడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉద్యోగ పరీక్షల అభ్యర్థులతో కిక్కిరిసి ఉంటుంది. పెద్ద అంబర్‌పేటలో నా దగ్గర చదువుకున్నవాళ్ళూ వారిలో ఉన్నారు. వాళ్ళు కవిత్వం చదవరని నొచ్చుకునే సాహితీమిత్రులతో నేను ఏకీభవించను. సమాజంలో చోటు కోసం ఆరాటమే ఆనాడు నిలయాన్ని పుట్టించింది. వీళ్ళదీ ఆ ఆరాటమే. ఆనాడది ఉమ్మడి చర్చ అయింది, ఈనాడు ఎవరి బల్ల దగ్గర వారిదిగా మిగిలింది. ఆళ్వారుస్వామి నడిచినట్టు, ఆ బల్లల దగ్గరికి నడవవలసినది రచయితలమైన మనమే.