119వ నంబరు సీటు: భద్రాచలం పుట్టుపూర్వోత్తరాలు

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు బయల్దేరితే ఊరు దాటీ దాటకముందే ఎటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. మరికాసేపు పోతే మళ్ళీ తెలంగాణ. చర్ల మండలం ఓటరు ఆ దారిన తన నియోజకవర్గ కేంద్రానికి రావాలంటే మధ్యలో పక్క రాష్ట్రంలో అడుగుపెట్టాల్సిందే. తెలంగాణ శాసనసభలో 119 సీట్లుంటే, వరసలో ఆఖరి నంబరు ఈ భద్రాచలానిదే. గిరిజనులకు రిజర్వు చేసిన స్థానం. రాష్ట్రంలో ఇన్నిసార్లు చేతులు మారిన నేల ఇంకొకటి ఉంటుందా అంటే అనుమానమే.

మొదట ఇది నైజాం ఇలాకా. 1860లో నిజాం ఈ గోదావరి ఒడ్డు తాలూకాలను బ్రిటిషువారికి వదిలేశాడు. వాళ్ళు వీటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లా కింద పెట్టారు. అంటే కొంతకాలం భద్రాచలం పాలన నాగపూరు నుంచి నడిచింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఎగువనున్న నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో గానీ అటు రాలేదు. ఎవరి సౌకర్యం కోసం ఏ గీత గీసినా, అందులో ఉన్న కోయలనో కొండరెడ్లనో అడిగినవాడు లేడు.

అడగడానికి వాళ్ళకు ఓటే లేదనుకోండి. తెల్లవాళ్ళ హయాంలో ఏజెన్సీకి వేరే చట్టం, వేరే అధికారి. 1935 చట్టం తూర్పుగోదావరి మన్యాన్ని ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతం’ అంది. మద్రాసులో చేసిన శాసనం ఇక్కడ అమలు కావాలంటే గవర్నరు తలూపాలి. అదే చట్టం మద్రాసు శాసనసభకు 215 స్థానాలిచ్చి, అంత పెద్ద రాష్ట్రంలోని వెనకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి కేటాయించింది ఒకే ఒక్క సీటు. గంజాం ఒరిస్సాకు పోయాక మిగిలిన మన్యమంతా కలిసినా అంతే.

స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ ఓటు వచ్చింది. భద్రాచలం ముందు మద్రాసు రాష్ట్రంలో, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఓటేసింది. అప్పటికీ జిల్లా తూర్పుగోదావరే, కలెక్టరు కాకినాడలోనే. 1959లో పరిపాలనా సౌలభ్యమని చెప్పి భద్రాచలం, నూగూరు వెంకటాపురం ప్రాంతాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. ఆ కాగితం మీద సంతకం పెట్టినవారికి అది యాభై ఐదేళ్ళ తర్వాత పెద్ద తగువవుతుందని తోచి ఉండదు.

ఇక ప్రతినిధుల సంగతి. 1978 నుంచి 2004 దాకా ఏడు ఎన్నికల్లోనూ ఇక్కడ మార్క్సిస్టు పార్టీయే గెలిచింది. ఎన్టీ రామారావు ప్రభంజనంలోనూ సీటు కదల్లేదు. మొదటి రెండుసార్లు ముర్ల ఎర్రయ్యరెడ్డి, తర్వాత మూడుసార్లు కుంజా బొజ్జి, ఆపైన రెండుసార్లు సున్నం రాజయ్య. సైకిల్ మీద తిరిగిన ఎమ్మెల్యే అని బొజ్జిని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. రాజయ్యది బస్సు ప్రయాణం. ఆటోలో వస్తే ఎమ్మెల్యే అని నమ్మక గేటు దగ్గర పోలీసులు ఆపేశారని పత్రికల్లో వచ్చింది. దీన్ని నిరాడంబరత అని మెచ్చుకుని వదిలేయడం మనకు అలవాటు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది: ఈ నియోజకవర్గంలో ఓటరు ఇంటికి కారు పోయే దారి ఉండేది తక్కువ. కాలినడకన గూడేనికి వచ్చేవాడికే అక్కడ ఓటు పడేది.

2009లో కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి ఆ వరస తెంచారు. 2014 ఏప్రిల్ 30న జరిగిన పోలింగులో రాజయ్య మళ్ళీ గెలిచారు. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆ ఎన్నికలో వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలంతో పాటు కూనవరం, చింతూరు, వీఆర్ పురం కూడా ఓటేశాయి. మే 29న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. జూన్ 2న తెలంగాణ పుట్టింది. జూలైలో పార్లమెంటు ఆర్డినెన్సును చట్టం చేసింది. భద్రాచలం మండలంలో రాములవారి గుడి ఉన్న ఒక్క రెవెన్యూ గ్రామం తెలంగాణకు మిగిలి, చుట్టూ ఉన్న పల్లెలన్నీ అటు పోయాయి. గుడి తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఉన్న గుడి భూములు దాదాపు 890 ఎకరాలు ఆంధ్రలో. పట్నం చెత్త పోసుకోవడానికి కూడా జాగా కరువైంది.

ఈ నియోజకవర్గం నుంచి అటు పోయిన మండలాల వాళ్ళ పరిస్థితి మరీ విడ్డూరం. వాళ్ళు గెలిపించిన ఎమ్మెల్యే హైదరాబాదులో తెలంగాణ సభలో కూర్చున్నాడు. వాళ్ళ రేషను, పింఛను, పునరావాసం తేల్చేది ఆంధ్ర ప్రభుత్వం. ఆ సభలో వాళ్ళ తరఫున మాట్లాడే మనిషి లేడు. ఇల్లూ పొలమూ మునుగుతున్న జనానికి, నష్టపరిహారం లెక్కలు కడుతున్న కాలంలోనే, ప్రతినిధి లేకుండా పోయాడు. 2018లో గానీ ఈ మండలాలను రంపచోడవరం నియోజకవర్గంలో కలపలేదు. 2019లో గానీ వాళ్ళు కొత్త ఓటు వేయలేదు. పార్లమెంటు స్థానం కూడా మహబూబాబాద్ నుంచి అరకుకు మారింది. బొజ్జి, రాజయ్య ఇద్దరి సొంతూళ్ళూ వీఆర్ పురం మండలంలోవే. అవీ ఆంధ్రకే పోయాయి. 2020లో రాజయ్య, 2021లో బొజ్జి కన్నుమూశారు.

మిగిలిన ఐదు మండలాల భద్రాచలం 2018లో కాంగ్రెస్‌కు చెందిన పొదెం వీరయ్యను, 2023లో బీఆర్‌ఎస్‌కు చెందిన తెల్లం వెంకట్రావును పంపింది. ఉమ్మడి ఖమ్మంలోని పది సీట్లలో బీఆర్‌ఎస్ గెలిచింది ఇదొక్కటే, ఆయన కూడా 2024లో కాంగ్రెస్‌లో చేరిపోయారు. నియోజకవర్గం ఇప్పుడు రెండు జిల్లాల్లో ఉంది: వాజేడు, వెంకటాపురం ములుగులో, మిగతావి భద్రాద్రి కొత్తగూడెంలో.

ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను వెనక్కిమ్మనే డిమాండు ఇంకా అలాగే ఉంది. విభజన చట్టం ప్రకారం తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు పెరగాలి. గీతలు మళ్ళీ గీయక తప్పదు. ఈసారైనా ముసాయిదా పటాన్ని ముందు చర్లలో, చింతూరులో గ్రామసభ పెట్టి చూపించండి.