బావినీటికి ఇంధనం: కపిల నాటి నుండి సౌరపంపు దాకా



ఈవేళ ఇంధనం కథ చెప్పుకుందాం. ఇంధనం అనగానే మనకు పెట్రోలు బంకు గుర్తుకు వస్తుంది. కాని వడమాలపేట, పుత్తూరు ప్రాంతాల రైతుకు ఇంధనమంటే మొట్టమొదట బావిలోని నీటిని గట్టుకు చేర్చే బలం. ఇక్కడ ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. చెరువు నిండితే సరి, నిండకుంటే బావే దిక్కు. ఆ నీటిని తోడడానికి మన పెద్దలు ఏ బలం వాడారు, మనం ఏది వాడుతున్నాం, చమురుమీద ఆధారం తగ్గించుకోవాలంటే ఏ దారి మేలు అన్నది వరుసగా చూద్దాం.

మొదటిది కపిల. ఒక జత ఎద్దులు, తోలుతొండం, మోకు, గిలక, ఎద్దులు వెనుకకు ముందుకు నడిచే వాలుబాట. ఎద్దు తినే వరిగడ్డి, వేరుశనగ కట్టె మన పొలంలోనివే. దాని పేడ తిరిగి పొలానికే చేరేది. రాత్రి దీపానికి ఆముదమో, కానుగనూనో, ఇప్పనూనో ఉండేది. ఇంధనం ఊరు దాటి రాలేదన్నమాట. అయితే ఆ కాలమంతా బంగారమని అనుకోవద్దు. తెల్లవారుజామునుండి తోలినా అర ఎకరా తడిస్తే గొప్ప. ఎద్దులు అలసేవి, మనిషీ అలసేవాడు.

తరువాత కిరసనాయిలు వచ్చింది. అది చాలావరకు బర్మా బావులలో పుట్టి, ఓడల మీద మన రేవులకు చేరి, డబ్బాలలో పల్లెలకు వచ్చేది. ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు, ఆయిలింజనుతో బావినీరు తోడించే ప్రయత్నాలు చేయించాడు. ఎద్దులు ఒక పగలంతా చేసే పనిని ఇంజను కొద్ది గంటలలో చేసింది. రైతుకు అది గొప్ప వరమే. కాని ఆనాటినుండి మన పైరు తడిసేదీ తడవనిదీ దూరదేశపు చమురుబావి చేతిలోకి పోయింది.

ఇక్కడ ఒక విశేషం వినండి. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఫ్రెంచి ప్రభుత్వం తన ఆఫ్రికా వలసలలో పండే వేరుశనగ పనికి వస్తుందేమో చూడాలని కోరింది. ఇంజను చక్కగా నడిచింది. ఈ సంగతి ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తానే 1912లో చెప్పాడు. మరి ఆ పద్ధతి ఎందుకు నిలవలేదు? భూమిలోని చమురు చవకగా దొరికింది, అంతే.

చవక ఎప్పుడూ నిలవదు. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించింది. చమురుబావులు శత్రువుకు దక్కకుండా ఆంగ్లేయులే వాటిని పాడుచేసి వెళ్ళారు. మనకు కిరసనాయిలుకు కటకట, పెట్రోలుకు రేషను. అప్పుడు బస్సుల వెనుక ఇనుపకొలిమి తగిలించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, ఆ వచ్చే వాయువుతో ఇంజను నడిపారు. అవే బొగ్గు బస్సులు. యుద్ధం ముగిసి పెట్రోలు రాగానే ఆ కొలిములు పాత ఇనుము కింద పోయాయి.

1973లో మళ్ళీ అదే పాఠం. పశ్చిమాసియా యుద్ధం తరువాత కొద్ది నెలలలోనే ముడిచమురు ధర సుమారు నాలుగింతలైంది. అంతకుముందే, 1960లలో, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ప్రచారం చేస్తూ వచ్చిన గోబర్ గ్యాసుకు అప్పుడు అందరి చూపూ మళ్ళింది. ధర తగ్గినప్పుడు ఆ ఉత్సాహమూ తగ్గింది. ధర మండినప్పుడు మేలుకోవడం, దిగినప్పుడు నిద్రపోవడం మనకు అలవాటైపోయింది. నేడు దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటినుండే వస్తున్నది. ఈ అలవాటు మానుకోవడమే ఇప్పుడు మన పని.

అయితే డీజిలు మానేస్తే చాలదు. దాని బదులు తెచ్చుకునేది ఎంత నేల తింటుంది, ఎంత నీరు తాగుతుంది అని లెక్క చూసుకోవలెను. ఒక్కొక్కటే చూద్దాం.

వేరుశనగ నూనెనే తీసుకోండి. నూరు కిలోల కాయలు ఒలిస్తే 70 కిలోల దాకా పప్పు. గానుగ ఆడిస్తే 28 కిలోల నూనె, అంటే సుమారు 30 లీటర్లు. అయిదు గుర్రపు బలం గల ఇంజను గంటకు ఇంచుమించు ఒక లీటరు తాగుతుంది. నూరు కిలోల కాయలు ముప్పై గంటలలో పొగైపోతాయన్నమాట! దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నప్పుడు ఇది తగిన పని కాదు. తినే నూనె పొయ్యి మీదికే గాని ఇంజనులోకి కాదు.

మరి తినని నూనె? 2003లో ప్రణాళికాసంఘం నియమించిన కమిటీ, అడవి ఆముదమనే జట్రోఫాను బీడుభూములలో విస్తారంగా నాటాలని సూచించింది. నీరు, ఎరువు లేకున్నా విరగకాస్తుందని చాలామంది నమ్మారు. మొక్క బతికింది, కాయలు మాత్రం ఆశించినంత రాలేదు. బతకడం వేరు, కాపు వేరు. చాలాచోట్ల రైతులు తోటలు తీసివేశారు.

కానుగ కథ కొంత మేలు. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న గోండు పల్లెలో మహిళాసంఘాలవారు కానుగ గింజలు ఏరి, నూనె తీసి, నారుమొక్కలు పెంచారు. ఆ నూనె డీజిలుకు బదులైతే గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు ఎంత తగ్గుతుందో లెక్కకట్టి, 147 టన్నులకుగాను 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు ఇచ్చింది. అది పెద్ద ధనమేమీ కాదు. అయితే వారు పైరు భూమిని ముట్టుకోలేదు. ఉన్న చెట్ల గింజనే ఏరారు. ఇది గుర్తుంచుకోదగినది. కానుగ మనకూ కొత్త కాదు. ఆకు వరిమడికి పచ్చిరొట్ట. నూనె తీయగా మిగిలిన పిండిలో నత్రజని సుమారు నూటికి నాలుగు పాళ్ళు. గట్టుమీద, వంకపక్కన పెంచితే లాభమే. మాగాణి తీసేసి నాటితే నష్టం.

చెరకునుండి తీసే ఇథనాలు మరొకటి. పెట్రోలులో ఇరవై పాళ్ళు ఇథనాలు కలపడమనే లక్ష్యాన్ని దేశం 2025లో అందుకున్నది. చెరకు రైతుకు అదొక గిరాకీ. కాని నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం చెరకుతో ఒక లీటరు ఇథనాలు తయారు కావడానికి సుమారు 2,860 లీటర్ల నీరు పడుతుంది. చెరువు ఎండి, బోరు మీద ఆధారపడే చోట ఈ అంకెను రెండుసార్లు చదువుకోవలెను.

ఇక సూర్యుడు. దీనికి సాక్ష్యం మనకు కూతవేటు దూరంలోనే ఉన్నది. తిరుమల కొండమీద 2000ల మొదట్లో 106 అద్దాల పళ్ళాలు అమర్చి, ఎండతో ఆవిరి పుట్టించి, రోజుకు సుమారు 15 వేలమంది యాత్రికులకు వంట చేసే ఏర్పాటు చేశారు. అంతకుముందు ఆ ఆవిరికి డీజిలు కాల్చేవారు. ఏడాదికి లక్ష లీటర్లకు పైగా డీజిలు మిగులుతుందని అంచనా వేశారు. 2022 సెప్టెంబరులో ఘాటురోడ్డు మీద కరెంటు బస్సులు కూడా తిరగసాగాయి.

పొలానికి వస్తే, 2019లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన కుసుమ్ పథకం సౌరపంపులకు సహాయం ఇచ్చింది. సౌరపంపు మంచిదే. పగలు నడుస్తుంది, డీజిలు అడగదు, రాత్రిపూట చేలో పాముల మధ్య నడవనక్కరలేదు. కాని ఒక మాట మరువకండి. కపిల నాడు ఎద్దు అలసటే బావికి కాపలా. ఆయిలింజను నాడు నూనె ఖర్చు కాపలా. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చినప్పుడు ఆ కాపలా తొలగింది. ఎండ కూడా ఉచితమే. ఇంధనానికి ఖర్చు లేదని మోటారు కట్టకుండా ఉంచితే బోరు అడుగంటుతుంది. నీరు లేని బోరుకు ఏ ఇంధనమైతేనేమి?

కాబట్టి సోదరులారా, నాలుగు మాటలు. పశువులున్న ఇంట వంటకు పేడగ్యాసు పెట్టుకోండి. రెండు ఘనపు మీటర్ల గుంతకు రోజుకు సుమారు 50 కిలోల పేడ చాలు, మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. గట్లమీద కానుగ నాటండి. సౌరపంపు పెట్టేవారు బిందుసేద్యం గొట్టాలు కూడా వేసుకోండి, నీరు తోడని వేళ ఆ కరెంటును లైనుకు అమ్ముకునే వీలు ఉన్నదేమో అధికారులను అడగండి. ఇంధనం ధర పడిపోయిన ఏడు కూడా ఈ పనులు ఆపకండి.

వ్యవసాయ సిబ్బందికి ఒక మనవి: సౌరపంపుకు దరఖాస్తు రాయించే ముందు, రైతుతో కలిసి బోరులో నీటిమట్టం ఎంత లోతున ఉన్నదో కొలిచి పుస్తకంలో రాయండి. మరుసటి ఏడు మళ్ళీ కొలవండి.