నాదం నుంచి రేఖకు: తెలుగువారి స్వరలేఖనంలో అమూర్త దృశ్యరూపం

1. ఉపోద్ఘాతం

సంగీతాన్ని దృశ్యరూపంలోకి మార్చడం అనగానే కళాచరిత్రలో ముందుగా వినిపించే పేరు వాసిలీ కాండిన్‌స్కీ. 1911 జనవరిలో మ్యూనిక్ నగరంలో షోన్‌బర్గ్ కచేరి విన్న అనుభవాన్ని ఆయన చిత్రంగా మలిచాడు. 1926 నాటి గ్రంథంలో బీథోవెన్ ఐదవ సింఫనీ ఆరంభ స్వరాలను బిందువులుగా చూపాడు. ఇందుకు సమాంతరంగా మన రాగమాలా చిత్రాలను పేర్కొనడం పరిపాటి. అయితే వాటిలో కనిపించేవి నాయికానాయకులు, దేవతలు, ఋతువులు, అవి మూర్తచిత్రాలు. అమూర్త రూపాన్ని మన స్వరలేఖన సంప్రదాయంలో వెదకాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. రాగవిబోధం: రాగానికి రెండు రూపాలు

రాజమహేంద్రవరానికి చెందిన సోమనాథుడు 1609లో సంస్కృతంలో రాగవిబోధం రచించాడు. రాగానికి నాదరూపం, దేవరూపం అని రెండు రూపాలు ఉన్నాయని ఆయన భావన. దేవరూపాన్ని ధ్యానశ్లోకాలలో వర్ణించాడు. నాదరూపానికి వర్ణన చాలదు. అందుకే వీణావాదన విశేషాలను తెలిపే గుర్తులను స్వరాక్షరాలకు జోడించాడు. మూర్తికల్పన, సంకేతలేఖనం ఒకే గ్రంథంలో చోటుచేసుకోవడం గమనార్హం.

3. సంగీత సంప్రదాయ ప్రదర్శిని

సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో వెలువడింది. ఇందులో కంపితానికి అలలవంటి గీతను, జారులకు ఏటవాలు గీతలను వాడారు. మార్కాపురం పలకపై దిద్దిన 'స' అక్షరానికీ షడ్జధ్వనికీ ఆకారసామ్యం లేదు. ఆ సంబంధం కేవలం సంకేతం. అలలగీత అలా కాదు, స్వరం ఊగే తీరునే కంటికి కట్టిస్తుంది. ఏటవాలు గీత స్వరగమనపు దిశను చూపుతుంది. అన్ని గుర్తులకూ ఈ పోలిక వర్తించదు. వర్తించినచోట మాత్రం అవి ధ్వనిచలనాన్ని అనుకరించే అమూర్తరేఖలే. కాండిన్‌స్కీ బిందురేఖల గ్రంథానికి ఇవి 22 ఏళ్లు పూర్వపువి.

అయితే భేదమూ స్పష్టమే. కాండిన్‌స్కీ చిత్రం చూపుతో పూర్తవుతుంది. దీక్షితుల రేఖ గాయకుని కంఠంలో, వైణికుని వేలికొనలో తిరిగి నాదమైతేనే సార్థకం. దానిని చదవడానికి గురుముఖ శిక్షణ అవసరం.

4. ముగింపు

సాహిత్య పరిశోధనలో కృతి, పదం వంటి రచనలను పాఠంగా మాత్రమే పరిశీలించినప్పుడు గమకచిహ్నాలు అనవసర భాగాలుగా తోస్తాయి. పునర్ముద్రణలో, డిజిటలీకరణలో వాటిని విడిచిపెడితే పోయేది అలంకారం కాదు, రచనలోని నాదరూపం. కనుక ఆ చిహ్నాలనూ పాఠంలో అంతర్భాగంగా గుర్తించి పరిష్కరించడం పరిశోధకుల బాధ్యత.