ఓటమి ఎవరి ఖాతాలో?

1962 అక్టోబర్‌లో లండన్‌లో 'డాక్టర్ నో' విడుదలైంది. 2021లో 'నో టైమ్ టు డై' వచ్చింది. ఈ రెంటి మధ్య ఇయాన్ ప్రొడక్షన్స్ సంస్థ తీసిన జేమ్స్ బాండ్ సినిమాలు మొత్తం 25. ఆరుగురు నటులు బాండ్ వేషం కట్టారు. ప్రపంచమంతటా కలిపి టికెట్ల మీద వచ్చిన డబ్బు 700 కోట్ల డాలర్లు దాటింది.

ఈ సినిమాలు స్త్రీలని ఎలా చూపించాయన్న దాని మీద స్త్రీవాదులు ఇప్పటికే చాలా రాశారు. ఈత దుస్తులు, పడగ్గదులు, అవసరం తీరాక వచ్చే చావులు మనకు తెలిసినవే. నేనిక్కడ చూడదలచుకున్నది తెర మీది బొమ్మని కాదు, తెర వెనకాల ఉండే లెక్కల పుస్తకాన్ని. స్త్రీల కథలు ఎందుకు తీయరని అడిగినప్పుడల్లా సినిమా వ్యాపారం నుంచి మనకు ఎదురయ్యే జవాబు ఒకటే: "జనం చూడరు". దాన్ని ఒక అభిప్రాయంగా చెప్పరు, లెక్కగా చెప్తారు. లెక్కకి ఆడా మగా తేడా ఉండదు కదా అనుకుని మనం కూడా ఊరుకుంటాం. కానీ ఒక సినిమాకి ఎంత వచ్చిందో మాత్రమే అంకె చెబుతుంది. ఎందుకు తగ్గిందో మనుషులు చెప్తారు. బాండ్ సినిమాల చరిత్రలో వసూళ్ళు బాగా తగ్గిన మూడు సందర్భాలనీ, అసలు తీయకుండానే ఆపేసిన ఒక సినిమానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కారణాలు ఎలా తయారవుతాయో అర్థమవుతుంది.

ముందు ఆ పుస్తకం మొదటి పేజీ చూద్దాం. 'డాక్టర్ నో'కి పెట్టిన ఖర్చు సుమారు 10 లక్షల డాలర్లు. వచ్చింది దాదాపు 6 కోట్లు. నిర్మాతలు ఆల్బర్ట్ బ్రొకోలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్. సముద్రంలోంచి నడిచొచ్చే ఉర్సులా ఆండ్రెస్ ఆ సినిమాకి గుర్తుగా మిగిలిపోయింది. కానీ తెర మీద ఆమె మాటలు ఆమెవి కావు. నికీ వాన్ డెర్ జిల్ అనే నటి ఆ గొంతు ఇచ్చింది. 'గోల్డ్‌ఫింగర్'లో ఒళ్ళంతా బంగారు పూతతో చనిపోయే షర్లీ ఈటన్‌కీ, 'థండర్‌బాల్'లో క్లాడీన్ ఆజేకీ కూడా ఆమే గొంతు ఇచ్చింది. తెర మీద మాత్రం ఆమె పేరు పడలేదు. అందం ఒకరిదీ, గొంతు ఇంకొకరిదీ పెట్టి నిర్మాతలు ఒక స్త్రీని తయారుచేసుకున్నారు.

ఆ మొదటి సినిమా స్క్రీన్‌ప్లే రచయితల్లో ఒక స్త్రీ ఉందని చాలామందికి తెలియదు. ఆమె పేరు జొహానా హార్వుడ్, ఐర్లండ్ మనిషి. సాల్ట్‌జ్‌మన్ దగ్గర సెక్రటరీగా పనిచేసింది. 'డాక్టర్ నో' స్క్రీన్‌ప్లేలోనూ, 1963లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' కథని సినిమాకి మలచడంలోనూ ఆమె పేరుంది. ఆ తర్వాత బాండ్ సినిమా రచయితల జాబితాలో మరో స్త్రీ పేరు కనబడటానికి 58 ఏళ్ళు పట్టింది. 2021లో వచ్చిన ఫీబీ వాలర్-బ్రిడ్జ్ ఆ రెండో స్త్రీ. దర్శకుల సంగతి ఇంకా సులువుగా చెప్పొచ్చు. 25 సినిమాల్లో ఒక్కదానికి కూడా స్త్రీ దర్శకత్వం వహించలేదు.

1964లో 'గోల్డ్‌ఫింగర్' 12 కోట్లకు పైగా, 1965లో 'థండర్‌బాల్' 14 కోట్ల దాకా తెచ్చాయి. ధరల పెరుగుదలని లెక్కలోకి తీసుకుంటే 'థండర్‌బాల్' నేటి వంద కోట్ల డాలర్ల సినిమాలకేమీ తీసిపోదు. ఫార్ములా కుదిరిపోయింది. ఒక సినిమాకి ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు, ఎవరూ తర్వాతి సినిమాకి మిగలరు. ఎప్పుడూ మిగిలేది ఆఫీసులో ఎదురుచూసే మనీపెన్నీ ఒక్కతే. లోయిస్ మాక్స్‌వెల్ 1962 నుంచి 1985 దాకా 14 సినిమాల్లో, ఒక్కోదాంట్లో కొద్ది నిమిషాలే కనిపిస్తూ, ఆ ఎదురుచూపు నటించింది.

మొదటి పతనం 1969లో వచ్చింది. 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో షాన్ కానరీ బదులు జార్జ్ లేజెన్బీ వేశాడు. డయానా రిగ్ వేసిన ట్రేసీ మాత్రం అంతకు ముందు ఆడవాళ్ళ లాంటిది కాదు. తెలివీ దుఃఖమూ ఉన్న మనిషి. మంచు దారుల్లో కారు నడిపి బాండ్‌ని కాపాడుతుంది. బాండ్ నిజంగా ప్రేమించి పెళ్ళాడిన ఒకే ఒక్క స్త్రీ. పెళ్ళయిన కాసేపటికే ఆమెని చంపేస్తారు. అంతకు ముందు సినిమా 11 కోట్లు తేగా, ఇది లెక్కలు వేసేవాళ్ళని బట్టి ఆరున్నర నుంచి ఎనిమిది కోట్ల దాకా తెచ్చింది. పెట్టుబడి 80 లక్షల లోపే కనక నష్టమేమీ లేదు. అయినా నిర్మాతలు పాఠం నేర్చుకున్నారు. కానరీకి ఆనాటికి రికార్డు అయిన 12 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చి 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'కి వెనక్కి తెచ్చారు. అందులో భార్య పోయిన మగవాడి దుఃఖం లేదు, ట్రేసీ పేరు కూడా లేదు. సినిమా 11 కోట్లకు పైగా తెచ్చింది. కొత్త నటుడి వల్ల తగ్గిందా, విషాదాంతం వల్లా, లేక కాలం మారిపోవడం వల్లా? అంకెల నుంచి ఎవరూ తేల్చలేరు. కానీ ట్రేసీ లాంటి స్త్రీ మళ్ళీ రావడానికి, 2006లో 'కసీనో రాయల్'లో వెస్పర్ దాకా, 37 ఏళ్ళు పట్టింది.

రెండో పతనం 1974లో. రోజర్ మూర్ మొదటి సినిమా 'లివ్ అండ్ లెట్ డై' 16 కోట్లు తెస్తే, రెండోది 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' 10 కోట్లు అందుకోలేదు. ఇందులో తోటి ఏజెంటు మేరీ గుడ్‌నైట్‌ని అలమారలో దాచి, బాండ్ అదే గదిలో మరో స్త్రీతో గడుపుతాడు. దీన్ని హాస్యం అన్నారు. వసూళ్ళు పడిపోతే ఇలాంటి హాస్యం జనానికి వెగటు పుట్టిందేమో అన్న అనుమానం వ్యాపారానికి రాలేదు. 70 లక్షలు పెట్టిన చోట తర్వాతి సినిమాకి కోటీ 40 లక్షల దాకా పెట్టారు. పైన్‌వుడ్ స్టూడియోలో దానికోసమే పెద్ద స్టేజి కట్టారు. 1977లో వచ్చిన ఆ సినిమా 'ద స్పై హూ లవ్డ్ మి' 18 కోట్లకు పైగా తెచ్చింది.

ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి. ఇయాన్ ఫ్లెమింగ్ 1962లో ఇదే పేరుతో రాసిన నవల బాండ్ నవలలన్నిటిలో వేరైనది. వివియన్ మిషెల్ అనే యువతి తన కథ తానే చెప్పుకుంటుంది. బాండ్ చివరి మూడో వంతులో గానీ రాడు. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. ఫ్లెమింగ్ సినిమాకి పేరు మాత్రమే అమ్మాడు, కథ వాడకూడదన్నాడు. అలా ఒక స్త్రీ 'నన్ను ప్రేమించిన గూఢచారి' అని చెప్పుకున్న వాక్యం పోస్టర్ మీదికి వచ్చింది. ఆ 'నేను' మాత్రం సినిమాలో లేదు. స్త్రీ గొంతుతో ఉన్న ఒకే ఒక్క బాండ్ కథ బాక్సాఫీసు దగ్గర పరీక్షకి కూడా నిలబడలేదు. నిలబెట్టని కథ ఆడదని ఎలా తేలుస్తాం?

మూడోది 1989. టిమతీ డాల్టన్ వేసిన 'లైసెన్స్ టు కిల్' 15 కోట్లకు పైగా తెచ్చింది. రెండేళ్ళ ముందరి సినిమా 19 కోట్లు తెచ్చింది. అమెరికాలో మరీ చతికిలబడింది. ఆ వేసవిలో 'బ్యాట్‌మన్'తో పోటీ అన్నారు, ప్రచారం చాలలేదన్నారు, హింస ఎక్కువైందన్నారు. తర్వాత స్టూడియో అమ్మకాల తగాదాలతో ఆరేళ్ళు బాండ్ సినిమా రాలేదు. అన్నేళ్ళ తర్వాత కూడా ఎవరూ మగ గూఢచారి పని అయిపోయిందని వదిలేయలేదు. 3 కోట్లు పెట్టిన చోట 6 కోట్లు పెట్టారు. 1995లో పియర్స్ బ్రాస్నన్‌తో 'గోల్డెన్ ఐ' 35 కోట్లు తెచ్చింది. ఆల్బర్ట్ కూతురు బార్బరా బ్రొకోలీ, మైకేల్ విల్సన్‌తో కలిసి నిర్మాత బాధ్యత తీసుకున్న సినిమా ఇది. 1992లో బ్రిటన్ గూఢచారి సంస్థ ఎమ్ఐ5 అధిపతిగా స్టెల్లా రిమింగ్టన్ వచ్చింది. సినిమాలో బాండ్ పై అధికారి 'ఎమ్'గా జూడీ డెంచ్ వచ్చి, స్త్రీలంటే గౌరవం లేని పాతకాలపు జంతువువని అతని మొహం మీదే చెప్పింది. ప్రేక్షకులు లేచిపోలేదు. టికెట్లు ఇంకా ఎక్కువ కొన్నారు.

ఇక తీయని సినిమా. 2002లో 'డై ఎనదర్ డే' 43 కోట్లు తెచ్చి, అప్పటిదాకా వచ్చిన బాండ్ సినిమాల్లో అంకెల్లో అన్నిటికన్నా పైన నిలిచింది. అందులో అమెరికన్ ఏజెంటు జింక్స్‌గా హాలీ బెర్రీ వేసింది. ఆ ఏడాది మార్చిలోనే ఆమె ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ అయింది. జింక్స్ ముఖ్యపాత్రగా వేరే సినిమా తీయాలని బార్బరా బ్రొకోలీ పూనుకుంది. స్క్రిప్టు పని జరిగింది. 2003లో ఎమ్‌జీఎమ్ స్టూడియో దాన్ని ఆపేసింది. ఆ వేసవిలో 'టూంబ్ రైడర్', 'చార్లీస్ ఏంజెల్స్' రెండో భాగాలు అనుకున్నంత ఆడలేదు, అందుకే స్టూడియో భయపడిందని రచయితలు తర్వాత చెప్పారు. 8 కోట్ల డాలర్లు ఒక నల్లజాతి స్త్రీ మీద పెట్టడానికి ఎవరూ సిద్ధంగా లేరని బెర్రీ 2020లో చెప్పుకుంది. 'డై ఎనదర్ డే'కి పెట్టింది 14 కోట్లు.

ఆ రెండు సినిమాలూ ఎంత తెచ్చాయి? మొదటిది దాదాపు 16 కోట్లు, రెండోది 26 కోట్లకు దగ్గరగా. వాటికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే అది తక్కువే, కాదనను. కానీ అదే 2003 వేసవిలో మొదటి బాండ్ షాన్ కానరీ నటించిన 'ద లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్' కూడా ఆశించినంత ఆడలేదు. దాన్ని చూసి మగవాళ్ళ యాక్షన్ సినిమాలు ఆపేద్దామని ఏ స్టూడియో అనలేదు. పేరు కూడా లేని కారణాలు వెతికి బాండ్‌ని మూడుసార్లు లేపి నిలబెట్టిన చోట, ఇంకెవరో ఇద్దరి ఓటమికి జింక్స్ మూల్యం చెల్లించింది. మగవాడి సినిమా పోతే ఆ సినిమా ఒక్కటే పోయినట్టు. ఆడదాని సినిమా పోతే ఆడవాళ్ళందరూ పోయినట్టు. పితృస్వామ్యం లెక్కలు రాసే తీరు ఇదే.

గెలుపుని దీనికి తలకిందులుగా రాస్తారు. బాండ్ గాలి మన దగ్గరికీ వీచింది కనక ఇది మనకూ కొత్త కాదు. 1966లో 'గూఢచారి 116' వచ్చి కృష్ణని ఆంధ్రా జేమ్స్ బాండ్‌ని చేసింది. 'జేమ్స్ బాండ్ 777' మొదలు 1989లో 'గూఢచారి 117' దాకా ఆయనకి అవకాశాలు వస్తూనే ఉన్నాయి. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ విజయలలితతో తీసిన 'రౌడీ రాణి'ని హిందీలో మళ్ళీ తీసేంత ఆదరణ వచ్చింది. 1990లో 'కర్తవ్యం' విజయశాంతికి జాతీయ అవార్డు, నిర్మాతకి డబ్బు తెచ్చాయి. అప్పుడు "ఆడవాళ్ళ యాక్షన్ సినిమా ఆడుతుంది" అన్న సూత్రం పుట్టిందా? "విజయశాంతి కాబట్టి చెల్లింది" అన్నారు. గెలిస్తే మినహాయింపు, ఓడితే నియమం.

2012లో 'స్కైఫాల్' 110 కోట్ల డాలర్లు తెచ్చింది. వంద కోట్లు దాటిన బాండ్ సినిమా అదొక్కటే. ఆ కథ నడిచేది 77 ఏళ్ళ జూడీ డెంచ్ చుట్టూ. విలన్ పగ ఆమె మీద, బాండ్ కాపాడాల్సిందీ ఆమెనే. ఆమె వల్లనే అంత డబ్బు వచ్చిందని నేననను. అలా అంటే వాళ్ళు చేసే తప్పే నేనూ చేసినట్టవుతుంది. టికెట్ ధరలు పెరిగాయి, కొత్త దేశాల్లో మార్కెట్లు తెరుచుకున్నాయి, పాట జనంలోకి వెళ్ళింది. కానీ ముసలి ఆడమనిషి కథకి కేంద్రంగా ఉంటే జనం రారు అన్న మాట మాత్రం ఈ అంకె ముందు నిలబడదు.

ఆ తర్వాత 'నో టైమ్ టు డై'లో 007 అన్న నంబరు కొంతసేపు లషానా లించ్ వేసిన నోమీ చేతికి వచ్చింది. కోవిడ్ రోజుల్లో ఆ సినిమా 77 కోట్లు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో బాండ్ సినిమాల మీద సృజనాత్మక అధికారం అమెజాన్ ఎమ్‌జీఎమ్‌కి వెళ్ళింది. జూన్‌లో తర్వాతి సినిమాకి డెనీ విల్నవ్‌ని దర్శకుడిగా ప్రకటించారు. ఈసారి కూడా మగవాడే.

బాండ్‌ని స్త్రీగా మార్చాలా అన్న చర్చ వచ్చినప్పుడు బార్బరా బ్రొకోలీ ఒప్పుకోలేదు. మగ పాత్రల్లో ఆడవాళ్ళని దూర్చడం కన్నా స్త్రీల కోసం కొత్త పాత్రలు రాయాలన్నది ఆమె వాదన. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆమె సరిగ్గా ఆ పనే చేయబోయింది. పాత్ర ఉంది, నటి ఉంది, రచయితలున్నారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. కనక ఇకమీదట "జనం చూడరు" అని ఎవరైనా లెక్క చూపించినప్పుడు మనం అడగాల్సినవి రెండు ప్రశ్నలు. ఎన్ని సినిమాలు తీసి చూశారు? మొదటిది పోయాక రెండోదానికి ఎంత పెట్టారు?