ఆనకట్ట కింద మునగని పాట

కంట్రీ సంగీతం అంటే అమెరికా పల్లెపాట. వలస రైతులు వెంట తెచ్చుకున్న కథాగేయాలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారి బాంజో, చర్చి పాటలు కలిసి అది పుట్టింది. పొలం, రైలు, జైలు, కరువు అన్నీ అందులో ఉన్నాయి. ఆ నేలకు మొదటి బిడ్డలైన ఆదివాసుల గోడు మాత్రం అరుదుగా వినిపించేది. ఆ గోడును ఒక ఆల్బమ్ నిండా పాడినవాడు జానీ క్యాష్. అందుకే ఆయన గురించి మనం తెలుసుకోవాలి.

క్యాష్ 1932లో ఆర్కన్సా రాష్ట్రంలో పేద రైతు ఇంట పుట్టాడు. చిన్నతనంలో పత్తి చేలో పనిచేశాడు. పుట్టుకతో ఆదివాసి కాదు. 1955లో మొదటి రికార్డు వచ్చింది, కొన్నేళ్లకే పెద్ద పేరొచ్చింది. ఆ పేరును పణంగా పెట్టి 1964లో 'బిట్టర్ టియర్స్', అంటే చేదు కన్నీళ్లు, అనే ఆల్బమ్ చేశాడు. అందులోని 8 పాటల్లో 5 పీటర్ లా ఫార్జ్ రాసినవి.

ఒక పాట సెనెకా తెగది. వారి భూమి వారిదేనని 1794లో జార్జ్ వాషింగ్టన్ ప్రభుత్వం ఒప్పందం రాసిచ్చింది. అయినా అలెఘెనీ నదిపై కిన్జువా ఆనకట్ట కట్టారు. దాదాపు 10,000 ఎకరాలు పోయాయి. వందలమంది ఇళ్లు వదిలారు. పెద్దల సమాధులను కూడా తవ్వి వేరేచోటికి మార్చారు. పోలవరం ముంపు కబుర్లు వింటూ పెరిగిన మనకు ఈ పాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి ఐరా హేస్ పాట. ఆయన అరిజోనాలోని పీమా తెగవాడు. గిలా నది నీటితో వారు తరతరాలుగా పంటలు పండించారు. ఎగువన స్థిరపడ్డ తెల్లవారు ఆ నీటిని మళ్లించుకోవడంతో చేలు ఎండిపోయాయి. 1945లో ఇవో జిమా కొండపై అమెరికా జెండా నిలిపిన ఆరుగురు సైనికుల్లో హేస్ ఒకడు. దేశమంతా పొగిడింది. ఊరికి తిరిగొస్తే పేదరికం అలాగే ఉంది. తాగుడుకు బానిసై 1955లో 32 ఏళ్లకే చనిపోయాడు.

ఈ పాట వేయడానికి చాలా రేడియో స్టేషన్లు వెనకాడాయి. క్యాష్ ఊరుకోలేదు. సొంత డబ్బుతో బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి, మీ ధైర్యం ఏమైందని వారినే నిలదీశాడు. ఆ పాట కంట్రీ పాటల పట్టికలో 3వ స్థానానికి చేరింది.

పాట పోయిన భూమిని తిరిగి తేలేదు. కానీ ఆ భూమి ఎవరిదో మరిచిపోనివ్వదు. మన సకిని రామచంద్రయ్య గారు చేసిందీ ఇదే. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల చరిత్రను డోలి మీద పాడి నిలబెట్టారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో మనల్ని విడిచి వెళ్లారు.

క్యాష్ వేరే తెగల బాధ పాడాడు. మన బాధ పాడటానికి మనమే ఉన్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో డోలి పట్టే పెద్దాయన దగ్గర, పాటలు పాడే అవ్వ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. అర్థం అడగండి. ఆ తర్వాత మన కాలపు కథను మన భాషలోనే కొత్త పాటగా కట్టండి.