నరసాపురం లేసు: ‘తీరిక పని’గా పేరుపడ్డ పరిశ్రమ

తెలుగువారి ముందుగదుల్లో ఒకప్పుడు రేడియో మీద, ఆ తర్వాత టీవీ మీద తెల్లటి లేసు గుడ్డ కనిపించేది. అలాంటి అల్లికకు పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెలు పెట్టింది పేరు. అక్కడి ఆడవాళ్లు అల్లిన లేసు ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల దాకా వెళ్లింది. అయినా చాలాకాలం దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టలేదో అర్థం కావాలంటే ముందు ఆ అల్లిక చరిత్ర, పద్ధతి తెలియాలి.

లేసు ఐరోపాలో 16వ శతాబ్దంలో వికసించింది. వెనిస్‌లో మామూలు సూదీదారంతో గాలిలో కుట్టినట్టు కుట్టేవారు. ఫ్లాండర్స్‌లో దిండు మీద గుండుసూదులు గుచ్చి, కదురుల్లాంటి పుల్లలకు చుట్టిన దారాలను ఆ సూదుల చుట్టూ మెలివేసేవారు. రెండూ నిదానమైన పనులే, రెండూ సంపన్నులకే అందేవి. ఇంగ్లండులో 1809లో జాన్ హీత్‌కోట్ వల అల్లే యంత్రానికి పేటెంటు పొందాడు. 1813లో జాన్ లీవర్స్ యంత్రం వచ్చింది. దాంతో చేతి లేసు ధర పడిపోయింది.

అప్పుడు ముందుకొచ్చింది క్రోషే. దీనికి దిండు అక్కర్లేదు, పుల్లలు అక్కర్లేదు. కొన కొక్కెంలా వంగిన సూది ఒకటి, దారపు ఉండ ఒకటి ఉంటే చాలు. ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లి మహా కరవు వచ్చినప్పుడు, కార్క్ ప్రాంతపు కాన్వెంట్లలో సన్యాసినులు పేద కుటుంబాల స్త్రీలకు ఈ పని నేర్పించారు. కరవులో ఇంటి పట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించే దారిగా క్రోషేకు అప్పుడు పడ్డ ముద్ర తర్వాత ఎక్కడికి వెళ్లినా దాని వెంటే వెళ్లింది.

దక్షిణ భారతానికి లేసును తెచ్చింది మిషనరీల భార్యలు. తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ దిండు లేసు నేర్పింది. ఆమె కూతురు ఎలైజా ఇడైయన్‌గుడిలో అదే పని కొనసాగించింది. ఈ ఎలైజా భర్తే ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్. గోదావరి ప్రాంతంలో మాత్రం నిలదొక్కుకున్నది క్రోషే. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు దాన్ని తెచ్చారని ప్రతీతి. మొదట అల్లినవాళ్లు మాల, మాదిగ కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన స్త్రీలు. తర్వాత ఘోషా పాటించే కాపు ఇళ్లలోకీ పని చేరింది. పొలం పనికి వెళ్తే పరువు తక్కువ అనుకునే ఇంట్లో, గడప దాటకుండా చేసే ఈ పనికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అల్లిక ఎలా సాగుతుందో చూస్తే ఈ వ్యాప్తి ఆశ్చర్యమనిపించదు. సూదికి దారం చుట్టి, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగితే గొలుసు. ఆ గొలుసు రెండు కొనలూ కలిపితే చక్రం. సూదికి ముందే ఒక చుట్టు వేసుకుని లాగితే పొడుగు కుట్టు. మొదటి వరసలో 12 పొడుగు కుట్లు ఉంటే, ఆపై ప్రతి వరసకూ మరో 12 పెంచాలి. తక్కువైతే గుడ్డ గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు తేలుతుంది. అల్లాక ఉతికి, పలచని గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి ఆరబెడితేనే నమూనా తేటపడుతుంది.

ఎంత పెద్ద అల్లికైనా ఒక్కో కుట్టు పూర్తయ్యాక సూది మీద మిగిలేది ఒకే ఉచ్చు. బిడ్డ ఏడిస్తే, పొయ్యి మీద పాలు పొంగితే అది జారకుండా చూసుకుని పక్కన పడేయవచ్చు. మళ్లీ అక్కడి నుంచే అందుకోవచ్చు. పైగా పువ్వులు, చక్రాలు విడివిడిగా అల్లి చివర కలపవచ్చు. అందుకే ఒక దుప్పటి అనేక ఇళ్లలో ముక్కలుగా తయారై, అతుకు పని చేసేవాళ్ల దగ్గర ఒక్కటయ్యేది. దారం ఇచ్చి, ముక్కలు తీసుకుని, కూలి లెక్కగట్టే ఏజెంటు చేతిలోనే మొత్తం వ్యవహారం ఉండేది. తన ముక్క ఏ వస్తువులో చేరిందో, ఎంతకు అమ్ముడైందో అల్లినామెకు తెలిసే వీలు లేదు.

హరిత విప్లవంతో డెల్టాలో మిగులు డబ్బు పెరిగాక, 1970ల్లో కొందరు రైతులు దాన్ని లేసు ఎగుమతిలో పెట్టారు. వ్యాపారం విస్తరించింది. ఎగుమతిదారులు, ఏజెంట్లు మగవాళ్లు, అల్లేవాళ్లు ఆడవాళ్లు. ఆ దశాబ్దం చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున ఇక్కడ అధ్యయనం చేసింది. 1982లో ఆమె పుస్తకం వెలువడింది. రోజుకు ఆరేడు గంటలు అల్లినా, పొలంలో కూలికి వెళ్లే స్త్రీకి వచ్చేదానికంటే తక్కువే వస్తోందని ఆమె తేల్చింది. జనాభా లెక్కలు మాత్రం వీళ్లను గృహిణులుగానే చూశాయి. ఆడవాళ్లు తీరికవేళ ఏదో అల్లుకుంటున్నారన్న ఒక్క మాట కూలి తక్కువగా ఉంచడానికి సరిపోయింది. స్త్రీల శ్రమపై ప్రపంచవ్యాప్తంగా సాగిన చర్చలో నరసాపురం పేరు అలా ఒక ఉదాహరణగా స్థిరపడింది.

తర్వాత చైనా నుంచి చవకైన యంత్రపు లేసు వచ్చి గిరాకీని తగ్గించింది. అయినా నిజమైన క్రోషేను పెద్ద ఎత్తున అల్లే యంత్రం ఇప్పటికీ బజారుకు రాలేదు. యంత్రాలు చేసేది దానికి అనుకరణే. అది ఈ పనికి బలం. నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు వ్యాపార కేంద్రం ఏర్పడింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వల్ల వేరేచోట చేసిన సరుకును ఈ ఊరి పేరుతో అమ్మడం కుదరదు. కూలి రేటు పెంచే శక్తి మాత్రం దానికి లేదు.

అల్లికను సరదాగా నేర్చుకునేవాళ్లు ఇప్పుడు మళ్లీ పెరుగుతున్నారు. వాళ్లు తాము అల్లినది అమ్మేటప్పుడు దారం ఖర్చుతో పాటు పట్టిన గంటలకూ వెల కడతారు. నరసాపురంలో ఆ లెక్క ఏజెంటు పుస్తకంలోకి ఎక్కలేదు. ముక్కకు ఇంత అన్న రేటు పోయి, గంటకు ఇంత అన్న రేటు వచ్చినప్పుడే తీరిక పని అన్న పేరు దీన్ని వదులుతుంది.